తక్కువ ఖర్చులో కార్డ్‌లెస్ డ్రిల్: కొనేముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి

ఒడిశా-ఆంధ్ర సరిహద్దులోని మా పర్లాకిమిడిలో డ్రిల్ కొనాలనుకున్నవాళ్లు మా ఇంటికి వచ్చి మొదట అడిగేది ఒకటే: "మాస్టారూ, ఎన్ని వోల్టులది తీసుకోమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. రెండు మూడేళ్లకు బ్యాటరీ పోతే కొత్తది ఎక్కడ దొరుకుతుందో కనుక్కున్నారా? ఆ సంగతి తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. ఇంటి వాడకంలో మోటారు, గేర్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ముందు పోయేది బ్యాటరీ. అది దొరకని మిషను ఎంత చవగ్గా వచ్చినా డబ్బు దండగ.

బడిలో పిల్లలకు చేతిపనులు నేర్పి రిటైరయ్యాను. ఇప్పుడు వెనక వసారాలో ఒక బల్ల, ఒక వైసు వేసుకుని ఇంటి పనులూ, వీధిలోవాళ్లు తెచ్చే చిన్న చిన్న రిపేర్లూ చేస్తుంటాను. మన ఇళ్లలో డ్రిల్‌కు తగిలే పనులు ఏమిటో ముందు లెక్క వేసుకోండి. తలుపుల మడతబందులు, కిటికీ గడియలు, కర్టెన్ రాడ్లు, పుస్తకాల అలమర, ఊగిపోతున్న మంచం కోళ్లు, స్విచ్‌బోర్డులు, వసారా రేకుల స్క్రూలు. వీటిలో నూటికి తొంభై పనులు పేరున్న కంపెనీ 12 వోల్టుల డ్రిల్ చేసేస్తుంది. చేతిలో బరువు దాదాపు కిలో ఉంటుంది. నిచ్చెన మీద నిలబడి తల పైకెత్తి పనిచేసేటప్పుడు ఆ తేలికదనం ఎంత అవసరమో భుజానికి తెలుస్తుంది. టేకు, వేప అయితే సులువుగా దిగుతుంది. పాత ఇళ్ల సాల్వా కర్ర ద్వారబంధాలు మాత్రం రాయిలా ఉంటాయి. అక్కడ ఏ డ్రిల్‌తోనైనా సరే, ముందు సన్న బిట్‌తో (డ్రిల్‌కు బిగించే పుల్ల) కన్నం వేసి, స్క్రూ మరలకు కాస్త సబ్బు రాసి దింపాలి. లేకపోతే స్క్రూ తల తెగుతుంది.

ఇక స్టిక్కర్ల సంగతి. ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు మిషన్ల మీద 36 వోల్టులు, 48 వోల్టులు అని పెద్దక్షరాలతో ఉంటుంది. మా బావగారి అబ్బాయి తెప్పించిన అలాంటిదాని బ్యాటరీ కొన్ని నెలలకే పడుకుంది. ఎలాగూ పారేసేదే కదా అని దాని మూత విప్పి చూశాం. స్టిక్కర్ మీద 48. లోపల ఒకే వరసలో ఐదు సెల్లులు, ఇంకో ఐదు పట్టే చోటు ఖాళీ. ఒక్కో లిథియం సెల్లు 3.6 వోల్టులు, అంటే ఐదు కలిపితే 18. నిండా ఛార్జి ఎక్కినప్పుడు ఒక్కోటి 4.2 దాకా వెళ్తుంది కాబట్టి మొత్తం 21. అంతకు మించి ఒక్క వోల్టు కూడా ఆ డబ్బాలో లేదు. పేరున్న కంపెనీలు 18 అని రాసినా, 20 మ్యాక్స్ అని రాసినా లోపల ఒక్కో వరసలో ఉండేవి ఇవే ఐదు సెల్లులు. 12 వోల్టులు అన్నవాటిలో మూడు ఉంటాయి, అసలు లెక్క 10.8. మీరు మాత్రం ఇంట్లో బ్యాటరీలు విప్పకండి. సెల్లుకు స్క్రూడ్రైవర్ తగిలి కన్నం పడితే మంట లేస్తుంది.

ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో పట్టే ఛార్జి కొలత) విషయంలోనూ ఇదే మోసం. ఈ మిషన్లలో ఎక్కువగా వాడే సెల్లును 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. మంచి సెల్లయినా మామూలుగా సుమారు 3500 ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్లు, అంటే 3.5 ఆంపియర్ అవర్లు) దాటదు. ఇలాంటి ఐదు సెల్లుల బ్యాటరీ మీద 6000 అని రాసుంటే అది అబద్ధమని షాపులోనే చెప్పేయవచ్చు. రెండు మిషన్లను పోల్చాలంటే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి. 10.8ని 2తో గుణిస్తే 21.6 వాట్ అవర్లు. 18ని 2తో గుణిస్తే 36. ఒక ఛార్జితో ఎంత పని జరుగుతుందో ఈ అంకె చెబుతుంది. ఇంటి పనికి ఒక పెద్ద బ్యాటరీ కన్నా రెండు చిన్నవి వచ్చే కిట్టు మేలు. ఒకటి ఛార్జింగ్‌లో ఉంటే రెండోదానితో పని సాగుతుంది.

మన సరిహద్దు ఊళ్లలో ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పర్లాకిమిడి బజారులో దొరకకపోతే ఒకపక్క బరంపురం పోవాలి, లేదా పాతపట్నం దాటి శ్రీకాకుళం, విశాఖ పోవాలి. గుణుపురం, రాయగడ వాళ్లకూ ఇదే తిప్పలు. పైగా విడి లిథియం బ్యాటరీని కొరియర్ వాళ్లు మామూలు పార్శిల్‌లా విమానంలో వేయరు. రోడ్డు మీదే రావాలి, కొందరు అమ్మకందార్లు మన పిన్‌కోడ్ చూసి అసలు పంపనే పంపరు. అందుకే డబ్బు కట్టకముందే రెండు ఫోన్లు చేయండి. ఆ కంపెనీ సర్వీస్ సెంటరుకు ఒకటి, ఆ బ్రాండు అమ్మే షాపుకు ఒకటి. "ఈ మోడల్‌కు విడి బ్యాటరీ ఉందా, ఎంత?" అని అడగండి. బ్యాటరీ ధర కిట్టు ధరలో సగం దాటితే ఆలోచించాల్సిందే. బాష్, మకీటా, డివాల్ట్, స్టాన్లీ లాంటివాటిలో ఏది కొన్నా పరవాలేదు. మీ ఊరికి దగ్గర్లో ఏ బ్రాండు బ్యాటరీ బల్ల మీద పెట్టి అమ్ముతున్నారో అదే మీ బ్రాండు.

ఒకే కంపెనీలో కూడా అన్నీ అన్నిటికీ ఎక్కవు. బాష్‌లో నీలం రంగు ప్రొఫెషనల్ మిషన్ల 18 వోల్టుల బ్యాటరీ ఆకుపచ్చ రంగు ఇంటి మిషన్లకు ఎక్కదు. మకీటాలో ఎల్‌ఎక్స్‌టీ వేరు, జీ సిరీస్ వేరు. మున్ముందు గ్రైండరు, జిగ్ సా కూడా కొనే ఉద్దేశం ఉంటే మొదటే 18 వోల్టుల వరస ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి. తర్వాతివి బ్యాటరీ లేకుండా ఉత్త మిషన్లుగా కొనుక్కోవచ్చు, చాలా కలిసొస్తుంది. డ్రిల్ ఒక్కటే చాలనుకుంటే 12 వోల్టులతో ఆగిపోండి.

షాపుకు వెళ్తే డబ్బా విప్పించండి. మొహమాటపడొద్దు. మీ జేబులో ఒక పొడుగాటి 6 మిల్లీమీటర్ల బిట్ తీసుకెళ్లి చక్‌లో (బిట్‌ను పట్టే ముందరి నోరు) బిగించి నెమ్మదిగా తిప్పండి. బిట్ మొన ఒకచోటే నిలిచి తిరగాలి. మొన గాలిలో సున్నా చుడుతుంటే చక్ వంకర, లేదా లోపలి ఇరుసు వంకర. ఆ పీసు పక్కన పెట్టించి ఇంకోటి అడగండి. తర్వాత ట్రిగ్గర్‌ను ఉల్లిపొర మందాన నొక్కండి. మిషను పాకినట్టు మొదలవ్వాలి. నొక్కగానే ఒక్కసారి గిర్రున లేస్తే స్క్రూ పని దానితో కుదరదు. ట్రిగ్గర్ వదలగానే టక్కున ఆగుతుందో లేదో చూడండి. ఆగకుండా కాసేపు తిరుగుతూ ఉంటే బ్రేక్ లేదన్నమాట.

పైన రెండు స్పీడ్ల మీట ఉండాలి. 1లో నిదానంగా, బలంగా తిరుగుతుంది, స్క్రూలకూ లావు కన్నాలకూ అది. 2లో వేగం, సన్న కన్నాలకు. మిషను తిరుగుతుండగా ఆ మీట మార్చకండి, గేరు పళ్లు పోతాయి.

చక్ వెనక అంకెలున్న రింగును క్లచ్ అంటారు. చాలామంది దాన్ని ఎప్పుడూ డ్రిల్ గుర్తు మీదే ఉంచి వాడేస్తారు, స్క్రూల తలలు అరిగిపోయేది అందుకే. అంకె మీద పెడితే అంత బలం పడగానే టకటకమని జారి స్క్రూ తిరగడం ఆగుతుంది. మడతబందు స్క్రూకు 5 దగ్గర మొదలుపెట్టండి. స్క్రూ పూర్తిగా దిగకముందే క్లచ్ జారితే ఒక్కో అంకె పెంచుకుంటూ పోండి. తల సరిగ్గా మట్టానికి వచ్చి ఆగే అంకె దొరికాక ఆ తలుపుకు ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదు. షాపులోనే 1 మీద పెట్టి చక్‌ను చేత్తో పట్టుకుని ట్రిగ్గర్ మెల్లగా నొక్కమనండి. చక్ చేతిలోనే నిలిచి క్లచ్ తేలిగ్గా జారిపోవాలి. జారకపోతే ఆ క్లచ్ అలంకారానికే.

బ్రష్‌లెస్ మోటారు కావాలా? ఒకే బ్యాటరీతో ఎక్కువసేపు వస్తుంది, కార్బన్ బ్రష్‌లు అరిగే బాధ ఉండదు. కానీ రోజూ పనిచేసే వడ్రంగికి అది అవసరం, ఆదివారం పనిచేసే మనకు కాదు. ఆ తేడా డబ్బు రెండో బ్యాటరీకి పెట్టండి.

గోడ విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. సుత్తి గుర్తున్న 12 వోల్టుల డ్రిల్ ఎర్ర ఇటుక గోడలో, ఫ్లై యాష్ ఇటుకలో 6 మిల్లీమీటర్ల కన్నం వేస్తుంది, ఓపిక పడితే 8 కూడా. స్లాబుకూ లింటెల్‌కూ పనికిరాదు. ఫ్యాను హుక్కుకోసం కాంక్రీటులో దాన్ని పెట్టి నొక్కితే బ్యాటరీ వేడెక్కడమే తప్ప మిల్లీమీటరు దిగదు. ఆ పనికి వైరున్న రోటరీ హేమర్ కావాలి, ఎస్‌డీఎస్ అనే గాడుల తోక బిట్ పట్టేది. ఏడాదికి ఒకసారి పని కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలవడమే చవక. మీ ఇంట్లో గోడ పనే ఎక్కువైతే కార్డ్‌లెస్ ఆలోచన పక్కన పెట్టి రెండు మూడు వేలకు వచ్చే వైరు డ్రిల్ తీసుకోండి. బాత్రూం టైల్స్ మీద సుత్తి గుర్తు అసలు వద్దు. టైల్ బిట్ వేసి, కన్నం చోట టేపు అంటించి, మామూలు డ్రిల్ గుర్తు మీద నిదానంగా తిప్పండి. టైల్ దాటాకే సుత్తి.

ఇంపాక్ట్ డ్రైవర్ అని పొట్టిగా ఉండే మిషను ఇంకోటి ఉంటుంది. చక్ ఉండదు, ఆరు పలకల బిట్ నేరుగా దూరుతుంది. 12 వోల్టుల డ్రిల్ తిప్పే బలం సుమారు 30 న్యూటన్ మీటర్లయితే ఇది వంద దాటుతుంది. వసారా రేకులకు సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు బిగించడానికి దీన్ని మించింది లేదు. కానీ ఎక్కువ మోడళ్లలో క్లచ్ ఉండదు, చప్పుడు చెవులు గింగురుమనేలా ఉంటుంది, చిన్న స్క్రూల తలలు తెంపేస్తుంది. ముందు డ్రిల్, తర్వాత అవసరం పడితే ఇది.

మే నెలలో రేకుల షెడ్డులో బ్యాటరీ వదిలేయకండి. లిథియం సెల్లుకు ఎండను మించిన శత్రువు లేదు. పని అయ్యాక వేడిగా ఉన్న బ్యాటరీని వెంటనే ఛార్జికి పెట్టకుండా చల్లారనివ్వండి, 45 డిగ్రీల పైన ఛార్జింగ్ దాని ఆయుష్షును తినేస్తుంది. నెలల తరబడి వాడరనుకుంటే సగం ఛార్జితో ఇంట్లో చల్లని చోట పెట్టండి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం రెండూ నిండా ఎక్కించుకోండి. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చి గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు కరెంటు లేక వైరు మిషన్లన్నీ మూల పడ్డాయి. ఎగిరిన రేకులు మళ్లీ బిగించుకోవాల్సింది సరిగ్గా అప్పుడే.

డ్రిల్‌తో ఉచితంగా వచ్చే బిట్లను నమ్ముకోవద్దు. విడిగా మూడు నాలుగు మంచి పీహెచ్ 2 స్టార్ బిట్లు, ఇనుముకు, కర్రకు 3, 4, 6 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఎస్ (గట్టి ఉక్కు) బిట్లు, గోడకు 6, 8 కాంక్రీట్ బిట్లు, రేకుల స్క్రూకు 8 మిల్లీమీటర్ల మ్యాగ్నెట్ సాకెట్ కొనండి. ఐదారు వందల్లో అయిపోతుంది. ఇక బిల్లు. మిషను మీది సీరియల్ నంబరు బిల్లు మీద రాయించి, షాపు స్టాంపు వేయించి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. బ్యాటరీకి, ఛార్జరుకు వారంటీ ఎన్ని నెలలో విడిగా అడగండి. చాలా కంపెనీల్లో అది మిషను వారంటీ కన్నా తక్కువ ఉంటుంది, కొన్నిట్లో అసలు ఉండదు.