ఆయిల్ పెయింటింగుల సంరక్షణ – 4వ పాఠం: దూదిపుల్ల దొర్లించడం

పోయినసారి టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి చిత్రాన్ని చూడటం నేర్చుకున్నాం. రంగు పెచ్చులు లేచినట్టు కనబడిందా? అయితే ఇవాళ్టి పని దానిమీద చేయొద్దు. ముట్టుకోకుండా నిపుణులకి చూపించండి. సాధనకి పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికే ఆయిల్ పెయింటింగ్ ఒకటి తెచ్చుకోండి. నీటిరంగులు, కాగితం మీది బొమ్మలు వద్దు.

మన విశాఖలో మురికంటే దుమ్మొక్కటే కాదు, ఉప్పు కూడా. బీచ్ రోడ్డులో మ్యూజియం ఉన్న పాత డచ్చి బంగళాకి సముద్రం ఎదురుగానే ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు చెమ్మ పీల్చుకుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చూశారుగా, అదే సంగతి. ఆ తడికి దుమ్ము అతుక్కుని పొర కడుతుంది. పొడి బ్రష్షుకి అది లొంగదు.

లొంగేది ఉమ్మికి! నవ్వకండి, పేరున్న మ్యూజియాల్లో కూడా వాడతారు. అందులోని అమైలేజ్ లాంటి ఎంజైములు జిడ్డుమురికిని విడగొట్టడానికి సాయపడతాయి. కాఫీ తాగి వెంటనే మొదలెట్టకండి, కిళ్లీ అయితే అసలే వద్దు.

వెదురు పుల్ల కొసకి కాస్త దూది చుట్టండి. దీపానికి వత్తులు చేసే చేయి ఉన్నవాళ్లకి ఇది చిటికెలో పని. పుల్ల మొన దూది దాటి బయటికి రాకూడదు. నాలుకమీద తడిపి, ఫ్రేము కింద దాగే అంచున, మినపగింజంత చోట పెట్టి, బొటనవేలు, చూపుడువేలు మధ్య పుల్లని తిప్పుతూ దొర్లించండి. రుద్దకూడదు. దూది నల్లబడగానే ఆ పుల్ల పక్కన పెట్టేసి, ఇంకో పుల్లకి కొత్త దూది చుట్టండి. వాడినదాన్ని మళ్లీ నోట్లో పెట్టుకోవద్దు (పెట్టుకున్నవాళ్లని చూశాను). చివర్లో డిస్టిల్డ్ వాటర్‌తో తడిపిన దూదితో ఒకసారి, పొడి దూదితో ఇంకోసారి దొర్లించాలి.

దూదికి నలుపు, గోధుమరంగు అంటితే అది మురికి కావచ్చు. చిత్రంలోని రంగే దిగిందంటే వెంటనే ఆపేయాలి. మొదట్లో నేను టెన్షన్‌లో గట్టిగా రుద్దేశాను, దూది ఎర్రబడింది. ఆ బొమ్మలో అమ్మాయి చీర అంచు ఇప్పటికీ అక్కడ వెలిసిపోయే ఉంది.

ఈ వారం అగ్గిపెట్టెంత జాగా చాలు. వాడిన పుల్లలన్నీ తెల్ల కాగితం మీద వరసగా పేర్చి, ఎన్నో పుల్లకి దూది తెల్లగా వచ్చిందో రాసుకోండి. పసుపుపచ్చబారిన వార్నిష్ జోలికి మాత్రం పోవద్దు, దాని సంగతి 5వ పాఠంలో.