లోన్ తీరాక కాదు, ఈ ఆదివారమే

హోమ్ లోన్ 20 ఏళ్లు, అంటే 240 వాయిదాలు. "అది తీరాక హాయిగా తిరుగుదాంలే అమ్మా" అనేవాణ్ణి. ఉండేది విశాఖలోనే, అయినా అమ్మకి అరకు చూపించలేదు. ఒకరోజు ఆమె మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడిపోయింది. లెక్క వేస్తే, లోన్ తీరేసరికి అమ్మకి 81.

ఆ రాత్రే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలుకి టికెట్లు తీశాను. బొర్రా దగ్గర సొరంగం చీకట్లో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెలుతురు రాగానే చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు కోసం ఇన్నేళ్లు ఆగానా అని కళ్లు చెమర్చాయి. పులిహోర పొట్లం అక్కడే విప్పాం.

ఇప్పుడు వాయిదా కట్టే రోజే ఆ నెల సరదాకి 500 పక్కన పెడుతున్నాను. ఆదివారం సాయంత్రం ఫోన్ ఇంట్లో వదిలేసి, అమ్మతో బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తులు. టెన్షన్ పూర్తిగా పోలేదు గానీ నిద్ర పడుతోంది. వచ్చే నెల సింహాచలం వెళ్తున్నాం.