ఫారం 78 చదవడం – 4వ పాఠం: ఎస్.ఓ.సి. తేదీ కూలిన తేదీ కాదు

ఫారం 78 అంటే రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వాయుసేన ఒక్కో విమానానికి రాసిపెట్టిన కదలికల కార్డు. పోయిన పాఠంలో ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఒక్కచోటే బోల్తా పడ్డాయి. కార్డు చివర ‘ఎస్.ఓ.సి.’ (స్ట్రక్ ఆఫ్ చార్జ్) కనిపించగానే విమానం ఆ రోజే కూలిందని రాసేశారు. అందుకని ఇంజన్ మార్పుల సంగతి వచ్చే పాఠానికి వాయిదా.

ముందు తేలికైనది చూద్దాం. కార్డులో కనిపించే ఎం.యు. అంటే మెయింటెనెన్స్ యూనిట్, స్క్వాడ్రన్ కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్పిట్‌ఫైర్ యుద్ధవిమానానికి అక్కడ రేడియో, తుపాకులు, గురిచూసే అద్దం లాంటివాటిలో మిగిలినవి బిగించి, అప్పటికి వచ్చిన మార్పులు చేసి, దిక్సూచి సరిచూసి అట్టిపెట్టేవారు. కేటాయింపు ఉత్తర్వు రాగానే ఫెర్రీ పైలట్ (విమానాలను చేరవేసే పైలట్) తీసుకెళ్ళేవారు. అక్కడ వారాల తరబడి ఉందంటే చెడిపోయి పడి ఉందని కాదు.

పి7350 అనే స్పిట్‌ఫైర్ కార్డు చూడండి. 1940 ఆగస్టులో కాజిల్ బ్రోమ్‌విచ్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. 266 స్క్వాడ్రన్, తర్వాత 603. అక్టోబర్ 25న దెబ్బతిని పొలంలో దిగింది. కౌలీలోని రిపేర్ యూనిట్‌లో బాగుచేశారు, మళ్ళీ స్క్వాడ్రన్లకు వెళ్ళింది, ఆ తర్వాత శిక్షణకు. చివరికి 1948లో తుక్కు కింద 25 పౌండ్లకు అమ్మేశారు. అలా అమ్మేసిన విమానం ఇప్పుడు బ్రిటిష్ వాయుసేనలోని ‘బాటిల్ ఆఫ్ బ్రిటన్’ స్మారక దళంలో ఉంది!

స్ట్రక్ ఆఫ్ చార్జ్ అంటే లెక్క పుస్తకంలోంచి కొట్టేయడం, అంతే. యుద్ధంలో తిరిగిరాని విమానానికి ‘ఎఫ్.టి.ఆర్.’ (ఫెయిల్డ్ టు రిటర్న్) పక్కన ఉండే తేదీని చాలావరకు నమ్మొచ్చు. ప్రమాదమైతే ‘కేటగిరీ ఇ’ (ఇక పనికిరాదు) అని తేల్చాక కాగితం కదలాలి, కాబట్టి కొట్టివేత రోజులో వారాలో వెనకబడొచ్చు. అసలు చిక్కు విదేశాలకు పంపినవాటితో. రెక్కలు విప్పి, పెట్టెల్లో సర్ది, ఓడ ఎక్కించాక బ్రిటన్‌లోని కార్డు దాదాపు మూగబోతుంది. కరాచీలో దిగిందని ఒక ముక్క, తర్వాత ఏ స్క్వాడ్రన్‌కు వెళ్ళిందో ఉండదు, ఆఖర్న నెలాఖరు తేదీతో ఎస్.ఓ.సి. అదే తేదీ పది విమానాలకు కనిపిస్తే అది నిల్వల లెక్క తేల్చిన రోజు. పది విమానాలూ ఒకేసారి కూలాయని దయచేసి రాయకండి.

నా పద్ధతి ఇది: కార్డును కింది నుంచి పైకి చదువుతాను, ఓడ దగ్గర పెన్సిల్‌తో గీత గీస్తాను. గీతకు ఇవతల, అంటే ఓడ ఎక్కేదాకా, కదలికల వరసకు 78ని నమ్ముతాను, తేదీకి స్క్వాడ్రన్ రోజువారీ పుస్తకం ఫారం 541ని, ప్రమాదానికి 1180 కార్డును. గీత దాటాక 78ని సాక్షిగా పిలవను.

అభ్యాసం: నిజాం రాజ్యం పేరు మోసిన 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ 1940లో వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు ఎగరేసింది. ఆ సెప్టెంబర్ ఫారం 541లోని ప్రతి సీరియల్ నంబరునూ 78తో పోల్చండి. కార్డు ప్రకారం ఇంకా స్క్వాడ్రన్‌కు చేరకముందే ఎగిరిన విమానాలన్నీ పట్టిక వేయండి. ఒక్క సాయంత్రంలో అయ్యే పని కాదు.