రెప్లికా స్పోర్ట్స్ కారుకి ఇంజన్, గేర్‌బాక్స్ ఎలా సెలెక్ట్ చేసుకోవాలి?

లోటస్ సెవెన్ (పాత ఇంగ్లీష్ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) రెప్లికా, అంటే నకలు, కడతామని వచ్చే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది ఇంజన్ గురించే, ఎన్ని హార్స్‌పవర్ అన్నా అని. గేర్‌బాక్స్ ఏది అనుకున్నారంటే తెల్లమొహం. రివర్స్‌లో చేయండి: ముందు గేర్‌బాక్స్ కొనండి, దానికి పట్టే ఇంజన్ తర్వాత. అసలు 1957 సెవెన్‌లో ఉన్నది ఫోర్డ్ 1172 సీసీ, 40 హార్స్‌పవరే, బండి తేలిక కాబట్టి సరిపోయింది.

గేర్‌బాక్స్ అంటే మారుతి జిప్సీదే, ఇంకో మాట లేదు. ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు చక్రాలకి కూడా పవర్ పంచే డబ్బా) విడిగా చిన్న షాఫ్ట్‌తో ఉంటది, దాన్ని తీసి పక్కన పెట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి పోయే రాడ్) కొత్త పొడవుకి చేయించి బ్యాలెన్స్ చేయిస్తే వెనక చక్రాల బండి రెడీ. బైక్ ఇంజన్ పెడతామనేవాళ్ళకి ఒకటే మాట, రివర్స్ గేర్ ఉండదు, ట్యాంక్‌బండ్ పార్కింగ్‌లో దిగి తోసుకోండి.

ఇంజన్‌కి మారుతి ఎస్టీమ్ 1.3 గానీ పాత బాలెనో 1.6 గానీ (1999లో వచ్చిన సెడాన్, ఇప్పటి హ్యాచ్‌బ్యాక్ కాదు). రెండూ సుజుకి జీ సిరీస్, 1.3 జిప్సీ కింగ్‌ది కూడా అదే. స్టార్ట్ చేసి పొగ చూడండి, కంప్రెషన్ నాలుగు సిలిండర్లలో చూడండి, తేడా పది శాతం దాటితే వదిలేయండి. ఇంతే.

ఇప్పుడు అసలు గొడవ, రెండింటినీ కలపడం. నేను చూసిన చెడిపోయిన బండ్లలో చాలావరకు ఇక్కడే చెడినయి. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేట్, క్లచ్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ అన్నీ జిప్సీ సెట్టే తీసుకోండి, ఒకటి అక్కడిది ఒకటి ఇక్కడిది కలపొద్దు. ఫ్లైవీల్ మధ్యలో పైలట్ బేరింగ్ (గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్, అంటే ఇంజన్ వైపు షాఫ్ట్, కొసని పట్టేది) ఉందో లేదో వేలు పెట్టి చూడండి, రాణిగంజ్‌లో కొత్తది దొరుకుతది, పాతది మాత్రం వేయకండి.

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య డోవెల్ పిన్నులు రెండూ ఉండాలి. గేర్‌బాక్స్‌ని సెంటర్‌లో ఉంచేవి అవే, బోల్టులు కాదు. క్లచ్ ప్లేట్ సెంటర్ చేయడానికి పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్క వాడండి, కంటితో చూసి పెట్టేసే ఉస్తాద్‌లని దగ్గరికి రానీయొద్దు.

గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు చివరి సెంటీమీటరు గ్యాప్ మిగిలిందనుకోండి, ఆగండి. బోల్టులు బిగించి లాగేయాలనిపిస్తది, నేనూ నా మొదటి బండికి అదే చేసిన, క్లచ్ హబ్ వంగింది, గేర్ పడేటప్పుడల్లా కీచుమని ఏడుపు, మళ్ళీ మొత్తం దించిన. జాక్ మీద బరువు నిలబెట్టి, గేర్‌లో వేసి అవుట్‌పుట్ షాఫ్ట్ చేత్తో అటూ ఇటూ తిప్పితే స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పళ్ళు) క్లచ్ ప్లేట్‌లో కూర్చుంటయి. గేర్‌బాక్స్‌ని ఒక్క క్షణం కూడా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడనీయొద్దు.

వేరే కంపెనీ గేర్‌బాక్స్ కావాలని మొండికేస్తే బాలానగర్‌లో అడాప్టర్ ప్లేట్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య పెట్టే ప్లేట్) లేత్ మీద చేయించాలి. అప్పుడు డయల్ గేజ్ (సన్న తేడాలు కొలిచే ముల్లు మీటర్) క్రాంక్‌కి బిగించి ప్లేట్ మధ్య రంధ్రం చుట్టూ తిప్పండి, ముల్లు కదిలినదాంట్లో సగమే అసలు తేడా, అది 0.13 ఎంఎం దాటితే ప్లేట్ మళ్ళీ చేయించండి. అందుకే జిప్సీ అంటున్నా.

ఇక రేషియో. 185/60 ఆర్14 టైరు, 3.9 డిఫరెన్షియల్ రేషియో, నాలుగో గేర్ 1:1 అయితే 3000 ఆర్‌పీఎం దగ్గర దాదాపు 84 కిలోమీటర్ల స్పీడ్ వస్తది. ఓఆర్ఆర్ మీద ఇంజన్ అరవొద్దంటే ఐదో గేర్ ఉండాల్సిందే. కానీ రోడ్డెక్కే ముందు మోటారు వాహనాల చట్టంలో బండి మార్పుల గురించిన సెక్షన్ 52 చదివి, ఆర్టీఏ ఆఫీసులో అడిగి రండి, డబ్బులు పెట్టకముందే.