కాళేశ్వరం నీళ్లు ఇంటికి తెచ్చుకున్నాక

కాళేశ్వరంలో ఒకే పానవట్టంపై ఉన్న రెండు లింగాలలో ముందుగా యమస్వరూపుడైన కాళేశ్వరుణ్ణి, తరువాత ముక్తీశ్వరుణ్ణి దర్శించుకుని వరంగల్‌కు తిరిగి వచ్చేవారు, గోదావరిలో ప్రాణహిత కలిసే చోట పట్టిన నీటిని సీసాతోనే పూజగది మూలన పెట్టి మరచిపోతుంటారు. మా ఇంట్లోనూ చాలాకాలం అలాగే జరిగింది.

ఆ నీటిని పలుచని బట్టతో వడగట్టి మూత ఉన్న ఇత్తడి చెంబులో పోసుకుని, రోజూ స్నానపు నీటిలో ఒక చెంచాడు కలుపుకుని, దీపం వెలిగించాక ఫోను పక్క గదిలో ఉంచి, సంగమం మెట్లు దిగినప్పుడు పాదాలకు తగిలిన చల్లదనాన్ని ఐదు నిమిషాలు తలచుకుంటూ కూర్చోండి. ప్రయాణం చేయలేని పెద్దవారికి ఇది మరీ అనువుగా ఉంటుంది. నిల్వ ఉన్న నది నీరు కనుక తాగడానికి మాత్రం వాడకండి. నీరు అయిపోగానే చెంబును చింతపండుతో తోమి బోర్లించండి.