సొంత క్యాంపెయిన్ ఎక్కడ ఇరుక్కుంటోంది? గేమ్ మాస్టర్లకు సమస్య – పరిష్కారం

రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ప్లేయర్లు కథలోని పాత్రలుగా ఆడతారు, గేమ్ మాస్టర్ ఆ కథను నడిపిస్తారు. కొన్న అడ్వెంచర్ పుస్తకంతో ఆడిస్తుంటే, ఆట సాగనప్పుడు లోపం పుస్తకంలో వెతకొచ్చు. సొంత క్యాంపెయిన్‌లో, అంటే మనమే అల్లి సెషన్ల తరబడి ఆడించే కథలో, ఊళ్లు మనవే, శత్రువులూ మనం పుట్టించినవాళ్లే. మరమ్మతు కూడా మనమే చేసుకోవాలి. కింది లెక్కలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్, 2014 నాటి నియమాలవి. వేరే సిస్టమ్ ఆడేవాళ్లకు అంకెలు మారినా కారణాలు చాలావరకు ఇవే.

ఉదాహరణలన్నిటికీ ఒకే కథ తీసుకుందాం. ఒక ఊరి చెరువు కట్టను రాత్రికి రాత్రి ఎవరో తెగ్గొట్టారు. ఎవరన్నది ప్లేయర్లు కనిపెట్టాలి.

సమస్య: "ఇప్పుడేం చేద్దాంరా?" అంటూ అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు

కారణం: కథ ముందుకెళ్లాలంటే ఒక్క ఆధారమే ఉంది, అదీ డైస్ కరుణిస్తేనే దొరుకుతుంది. కట్ట దగ్గర బురదలో కూరుకుపోయిన పలుగు దొరకాలనుకోండి. మీరు డీసీ (డైస్, బోనస్ కలిపి చేరాల్సిన అంకె) 15 పెట్టారు. వెతికే క్యారెక్టర్‌కు బోనస్ +5 ఉంది. ఇరవై ముఖాల డైస్ మీద 10 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, అంటే అవకాశం 55 శాతం. మిగతా 45 శాతం సార్లు మీ క్యాంపెయిన్ ఆ బురదలోనే ఆగిపోతుంది.

పరిష్కారం: తెలిసి తీరాల్సిన విషయానికి కనీసం మూడు ఆధారాలు, మూడు వేరువేరు చోట్ల పెట్టండి. బురదలో కమ్మరి గుర్తున్న పలుగు. ఆ రాత్రి కాపలా ఉండాల్సిన నీరటికాడికి (చెరువు నీళ్లు చూసుకునేవాడు) ఎవరో తాగినంత కల్లు పోయించిన సంగతి. చెరువు ఇంకా నిండుగా ఉండగానే, నీళ్లు పోతే బయటపడే శిఖం భూమికి భూస్వామి ఇంట్లో సిద్ధంగా ఉన్న పట్టా. మూడింటికీ అదే డీసీ, అదే +5 ఉన్నా మూడూ తప్పిపోయే అవకాశం 9 శాతమే. అది కూడా వద్దనుకుంటే, కల్లు సంగతిని రోల్ లేకుండానే చెప్పేయండి. కల్లు దుకాణంలో అడిగితే ఎవరైనా చెబుతారు. రోల్ తప్పితే ఆధారం పోకూడదు. సమయం పోవచ్చు, లేదా వీళ్లు ఆరా తీస్తున్నారన్న కబురు భూస్వామికి చేరొచ్చు.

సమస్య: మీరు రాసుకున్నది వదిలేసి ఇంకెటో వెళ్తున్నారు

సొంత క్యాంపెయిన్లను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. కమ్మరిని నిలదీస్తారనుకుని మీరు ఆ సీన్ మొత్తం రాసుకుంటారు. వాళ్లేమో పక్క ఊరి సంతకు బయల్దేరతారు. అప్పుడు బలవంతంగా వెనక్కి లాగుతాం. వంతెన కూలిపోతుంది, వాన మొదలవుతుంది, దారిలో సైనికులు అడ్డం పడతారు. రెండోసారికే ప్లేయర్లకు అర్థమైపోతుంది. ఆ తర్వాత వాళ్లు నిర్ణయాలు తీసుకోవడం మానేసి, మీరేం చెబుతారా అని కూర్చుంటారు.

కారణం: మీరు ప్లేయర్లు ఏం చేస్తారో రాశారు. అది మీ చేతిలో లేని పని.

పరిష్కారం: మిగతావాళ్లు ఏం చేస్తారో రాయండి. భూస్వామికి శిఖం భూమి కావాలి. కమ్మరి అతనికి అప్పుపడ్డాడు కాబట్టి పలుగులు చేసిచ్చాడు, నోరు విప్పడు. నీరటికాడికి తన మాన్యం పోతుందని భయం. ఒక్కొక్కరికీ రెండు లైన్లు చాలు: ఏం కావాలి, దేనికి భయం. దాని కింద, ఎవరూ అడ్డుపడకపోతే ఏం జరుగుతుందో రాయండి. రెండో రోజు నీరటికాడు ఊరొదిలి పోతాడు. నాలుగో రోజు శిఖంలో హద్దురాళ్లు పాతుతారు. ఆరో రోజు దున్నకం మొదలు. ఇక వాళ్లు సంతకు వెళ్లినా ఫరవాలేదు. పారిపోతున్న నీరటికాడు ఆ సంతలోనే తారసపడొచ్చు, లేదా తిరిగొచ్చేసరికి హద్దురాళ్లు కనిపించొచ్చు. వాళ్ల ప్రయాణానికి ఫలితం ఉంటుంది, మీ శ్రమా వృథా కాదు.

ప్రతి సెషన్ చివర "వచ్చేసారి ఎటు వెళ్తారు?" అని అడగండి. ఆ జవాబుకు సరిపడా మాత్రమే సిద్ధం చేసుకోండి.

సమస్య: పెద్ద శత్రువు రెండు మూడు రౌండ్లలో చచ్చిపోతున్నాడు

కారణం టర్న్‌ల లెక్క. కట్ట మీద కాపలాకు ఓగర్ అనే భారీ రాక్షసుణ్ణి పెట్టారు. 59 హిట్ పాయింట్లు (ప్రాణబలం), తగిలితే సగటున 13 డ్యామేజ్. చదివితే భయమేస్తుంది. కానీ మూడో లెవెల్ ప్లేయర్లు నలుగురు నాలుగు దెబ్బలు వేసేలోపు వాడు వేసేది ఒక్కటే, పైగా వాడి ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలడానికి చేరాల్సిన అంకె) 11 మాత్రమే. ఫైట్ ఎంత కష్టమో కొలిచే ఎక్స్‌పీ పాయింట్ల లెక్కలో 450 వస్తుంది. ఆ పార్టీకి అది ఈజీ ఎన్‌కౌంటరే, అంటే తేలికైన పోరే.

చాలామంది ఇక్కడ హిట్ పాయింట్లు రెట్టింపు చేస్తారు. దయచేసి వద్దు. ఫైట్ సాగుతుంది, టెన్షన్ మాత్రం రాదు.

పరిష్కారం: తోడుగా విల్లులున్న నలుగురు గోబ్లిన్లను (చిన్న రాక్షసులను) పెట్టండి. ఒక్కొక్కడికి 7 హిట్ పాయింట్లే. ఎక్స్‌పీ 650 అవుతుంది, శత్రువులు ఐదుగురు కాబట్టి నియమం ప్రకారం రెండింతలు చేస్తే 1300. నలుగురు ప్లేయర్లకు హార్డ్ (కష్టం) గీత 900, డెడ్లీ (ప్రాణాంతకం) గీత 1600. సరిగ్గా మనకు కావాల్సిన చోటే ఉంది. ఫైట్‌కు చంపడం కాకుండా ఇంకో పని కూడా ఇవ్వండి. శత్రువులు బద్దలు కొడుతున్న తూమును నాలుగు రౌండ్లలోపు కాపాడాలంటే, ఒకరు కత్తి వదిలి అటు పరుగెత్తాల్సిందే.

అయినా తేలిగ్గా గెలుస్తున్నారా? రోజుకు ఒకే ఫైట్ పెడుతున్నారేమో చూడండి. 2014 నియమాలు ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది ఎన్‌కౌంటర్లను ఊహించుకుని రాసినవి. అన్ని పెట్టక్కర్లేదు, కానీ వాడేసిన మంత్రాలు తిరిగొచ్చే ఎనిమిది గంటల లాంగ్ రెస్ట్ అడిగినప్పుడల్లా దొరికితే మంత్రాలు దాచుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

సమస్య: మీరిచ్చిన కత్తి ఆటను మింగేస్తోంది

మూడో లెవెల్‌లో ఎవరికో +3 కత్తి ఇచ్చారు. ఇరవై ముఖాల డైస్ మీద ఒక్కో +1కి 5 శాతం, అంటే తగిలే అవకాశం 15 శాతం పాయింట్లు పెరిగినట్టు. నియమాల్లో అలాంటి ఆయుధం వెరీ రేర్ (చాలా అరుదు), పదకొండో లెవెల్, ఆ పైవాళ్లకు తగింది.

దాన్ని కథలో దొంగ చేత ఎత్తించకండి, నమ్మకం పోతుంది. ఆట బయట నేరుగా మాట్లాడండి: "తూకం తప్పింది. +1 చేసి, రోజుకొకసారి ఏదైనా ప్రత్యేక శక్తి ఇద్దామా?" దాదాపు ఎవరైనా ఒప్పుకుంటారు.

సమస్య: బాగా ఆడే ఒకరు ఉన్నట్టుండి మౌనంగా అయిపోయారు

పక్కవాడే అన్నీ మాట్లాడేస్తుంటే, "ఈలోపు నువ్వేం చేస్తున్నావ్?" అని పేరు పెట్టి అడిగితే సరిపోతుంది. కానీ కారణం కథే అయితే వేరు. చెరువు, శిఖం, భూస్వామి అనగానే కులం, వెట్టి వస్తాయి. కొందరికి అవి ఇంట్లో విన్న సంగతులు. అందరి ముందూ కాకుండా విడిగా అడగండి. అసలు రాకూడనివి ఏవి, వివరించకుండా దాటేయాల్సినవి ఏవి అని రెండు జాబితాలు రాసుకోండి. దీన్ని లైన్స్, వీల్స్ అంటారు. ఆట మొదలుకాకముందే, సెషన్ జీరో అనే ముందస్తు సమావేశంలోనే చేసుకుంటే ఇంకా మంచిది.

సమస్య: "ఈ వారం కుదర్దు బాస్" అంటూ నెలలు గడుస్తున్నాయి

కారణం: అందరూ వస్తేనే ఆట అనే నియమం. ఐదుగురిలో ముగ్గురు వస్తే ఆడేస్తామని ముందే చెప్పండి, రోజు మార్చకండి. వీలైనప్పుడల్లా సెషన్‌ను సత్రంలోనో ఊళ్లోనో ముగించండి. అప్పుడు రానివాళ్ల క్యారెక్టర్ అక్కడే ఆగిపోవడానికి సాకు వెతకక్కర్లేదు. ఏం జరిగిందో నాలుగు లైన్లు ఆ రాత్రే వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి.