టైల్స్ పరిచే ముందే చూసుకోవాలి: స్నానాల గది నేలను వెచ్చబెట్టే థర్మోస్టాట్ జాగ్రత్తలు

నేల వేడిని అదుపు చేసే, గోడ మీది థర్మోస్టాట్ పాడైతే మరలు విప్పి కొత్తది బిగించుకోవచ్చు. టైల్స్ కింద ఉండిపోయిన, నేల వేడిని కొలిచే సెన్సర్ పాడైతే నేలే పగలగొట్టాల్సి రావచ్చు. కొనేటప్పుడు చాలామంది తెర ఎలా ఉంది, ఫోనుతో నడుస్తుందా అని అడుగుతారు. అవి తర్వాతి సంగతులు. టైల్స్ జిగురు కలపకముందే తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి.

ముందు రకం చూడండి. వేడినీటి గొట్టాలతో వెచ్చబడే నేలకు చేసిన థర్మోస్టాట్, విద్యుత్ మ్యాట్‌కు (టైల్స్ కింద పరిచే, వేడెక్కే తీగ అమర్చిన వల) చేసినది పైకి ఒకేలా ఉంటాయి. మొదటిది వాల్వుకో పంపుకో సంకేతం ఇవ్వడానికే కాబట్టి తక్కువ కరెంటునే తట్టుకుంటుంది. దానికి మ్యాట్ తగిలిస్తే లోపలి కాంటాక్టులు మాడిపోతాయి. విద్యుత్ రకంలో 16 ఆంపియర్లది మామూలుగా దొరుకుతుంది. చదరపు మీటరుకు 150 వాట్ల మ్యాట్ నాలుగు చదరపు మీటర్లు పరిస్తే 600 వాట్లు, అంటే 230 వోల్టుల దగ్గర మూడు ఆంపియర్లు కూడా కాదు. లోడుకు ఇబ్బంది లేదు. నేల సెన్సర్ తగిలించే వీలు మాత్రం తప్పనిసరిగా ఉండాలి. గాలి వేడిని మాత్రమే కొలిచే పరికరానికి నేల ఎంత కాగుతోందో తెలియదు.

పాత సెన్సర్‌ను ఉంచి థర్మోస్టాట్ ఒక్కటే మారుస్తున్నారా? అయితే సెన్సర్ నిరోధం, అంటే అది కరెంటును అడ్డుకునే విలువ, కొత్త థర్మోస్టాట్ కోరేదానితో కలవాలి. 25 డిగ్రీల వద్ద 10 కిలో ఓమ్‌లు చూపేవి ఎక్కువ, 12, 15 చూపేవీ ఉన్నాయి. వేడి పెరిగేకొద్దీ వీటి నిరోధం తగ్గుతుంది. 15 కిలో ఓమ్‌ల సెన్సర్‌ను 10 అనుకునే పరికరానికి కలిపితే, నేల 25 డిగ్రీలు ఉన్నా దానికి 16 ప్రాంతంలోనే కనిపిస్తుంది. చల్లగా ఉందనుకుని ఇంకా కాస్తూనే ఉంటుంది. కొన్ని థర్మోస్టాట్లలో ఈ విలువను ఎంచుకోవచ్చు, ఆ అమరిక చూసుకోండి.

సెన్సర్‌ను నేరుగా జిగురులో పూడ్చకండి. కొస మూసిన సన్నని పైపులో పెట్టి, రెండు హీటింగ్ తీగల వరుసలకు సరిగ్గా నడుమ ఉంచాలి. అది తీగకు తగలకూడదు, పక్కన వేడినీటి గొట్టం ఉండకూడదు. గోడ, నేల కలిసే చోట పైపు వంపు మెల్లగా తిరగాలి. టైల్స్ పరచకముందే సెన్సర్‌ను ఒకసారి బయటికి లాగి మళ్లీ తోసి చూడండి. ఇప్పుడు కదలకపోతే ఎప్పటికీ కదలదు.

మ్యాట్ వలను కత్తిరించవచ్చు, తీగను ఎన్నడూ కత్తిరించకూడదు. చుట్టగా ఉన్నప్పుడు కరెంటు ఇచ్చి పరీక్షించకూడదు. దాని బదులు మల్టీమీటరుతో నిరోధం కొలవండి: విప్పకముందు, పరిచాక, టైల్స్ పడ్డాక. 230 వోల్టుల 600 వాట్ల మ్యాట్ సుమారు 88 ఓమ్‌లు చూపాలి. మూడు కొలతలూ రాసి పెట్టుకోండి. తాపీ అంచు తగిలి తీగ తెగితే మూడోసారి కాకుండా ఆ రోజే తెలియాలంటే, పని నడుస్తుండగా కూడా కొలవడం మంచిది. తీగకూ ఎర్త్ తొడుగుకూ మధ్య ఇన్సులేషన్ పరీక్ష ఎలక్ట్రీషియన్ చేయాలి.

థర్మోస్టాట్‌ను స్నానాల గది లోపల కాక, బయటి వైపు గోడకు పెట్టించడమే నా సలహా. ఆవిరి, తడి చేతులు రెండూ దానికి దూరమవుతాయి. లోపలే పెట్టాల్సి వస్తే, అంతర్జాతీయ వైరింగ్ ప్రమాణం ఐఈసీ 60364 టబ్బు అంచు నుంచి 60 సెంటీమీటర్లు, తొట్టి లేని షవర్ నుంచి 1.2 మీటర్ల వరకు జాగ్రత్త పడవలసిన మేరగా గుర్తిస్తుంది. మీ ప్రాంతపు నియమం ఇంకా కఠినమైతే దాన్నే పాటించాలి. బయట పెడితే నేల సెన్సర్ పద్ధతిలోనే నడపండి, బయటి గాలికి లోపలి నేలతో సంబంధం లేదు కదా.

మెయిన్ ఆపి, టెస్టరుతో చూసుకున్నాకే తీగలు ముట్టుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపే రక్షణ స్విచ్ లేకుండా ఈ సర్క్యూట్‌ను ఎప్పుడూ నడపకండి. మ్యాట్ ఎర్త్ తీగను వదిలేయకూడదు. సెన్సర్ తీగను కరెంటు తీగల పైపులోనే తేవద్దు.

జిగురు పూర్తిగా ఆరేదాకా ఆన్ చేయకండి. సంచి మీద రాసిన గడువే లెక్క, తొందరపడితే టైల్స్ కింద పగుళ్లు వస్తాయి. 27 నుంచి 29 డిగ్రీలు కాళ్లకు చాలు. పసిపిల్లలు, మధుమేహంతో అరికాళ్లు మొద్దుబారినవారు ఇంట్లో ఉంటే గరిష్ఠ పరిమితిని అక్కడే బిగించండి, వాళ్లకు కాలుతున్నట్టు తెలియకపోవచ్చు.

ఎప్పుడైనా తెరపై సెన్సర్ లోపం కనిపించి వేడి ఆగిపోతే, గాలి పద్ధతికి మార్చి నెట్టుకురావద్దు. మెయిన్ ఆపి, పైపులోంచి పాత సెన్సర్‌ను లాగి అదే విలువగలది తోయించండి.